సూర్యఘర్ సబ్సిడీ రిజెక్ట్ కాకూడదంటే ముందు మీ కరెంటు బిల్లు తీయండి

మా బాబాయ్ వాళ్ల డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలని పోయినేడాది అనుకున్నాం. స్ట్రక్చర్ నిలబెట్టి ప్యానెళ్లు బిగించడానికి రెండు రోజులు కూడా పట్టలేదు గానీ, దానికి ముందు కాగితాల దగ్గరే మూడు నెలలు పోయాయి. మీటరు ఇంకా మా తాతయ్య పేరు మీదే ఉంది. తాతయ్య పోయి పద్నాలుగేళ్లు. నెలనెలా బిల్లు వస్తోంది, బాబాయ్ ఫోన్‌లో కట్టేస్తున్నాడు, బిల్లు పైన ఎవరి పేరుందో చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అప్లికేషన్ రిజెక్ట్ అయిన రోజే మొదటిసారి చూశాం.

ఆ తర్వాత చుట్టాల్లో, తెలిసినవాళ్లలో ఏడెనిమిది ఇళ్లకు దగ్గరుండి అప్లికేషన్లు పెట్టించాను. అందులో ఆగిపోయినవన్నీ పేరు దగ్గరో, సర్వీస్ నంబర్ దగ్గరో, బ్యాంకు దగ్గరో ఆగాయి, ఒక్క ఇంట్లో మాత్రం ప్యానెళ్ల దగ్గర ఆగింది. పేరు, నంబర్, బ్యాంకు సంగతులు వెండర్‌కి, అంటే సోలార్ బిగించేవాళ్లకి, ఫోన్ చేయకముందే ఇంట్లో కూర్చుని ఓ గంటలో సరిచూసుకోగలిగినవే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్కీమ్ గురించి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరి 13న మొదలైంది, 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా నడుస్తుంది. ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెడితే 78 వేలు ఇస్తుంది. 5 కిలోవాట్లు పెట్టినా 78 వేలే. ఈ డబ్బు వెండర్‌కి వెళ్లదు, నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే ముందు మొత్తం ఖర్చు మీరు పెట్టుకోవాలి, లేదా లోన్ తీసుకోవాలి, సబ్సిడీ చివర్లో వస్తుంది. ఆ చివర్లో ఏదైనా తేడా వస్తే పోయేది మీ 78 వేలే, వెండర్ డబ్బు అప్పటికే వెండర్‌కి అందిపోయి ఉంటుంది. ఈ సంగతి గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

తెలంగాణ వాళ్లకు ఒక మాట. గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడి జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే, సోలార్ వల్ల మీకు మిగిలేది ఎంతో ఒకసారి లెక్క వేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

పేరు

అన్నిటికన్నా ఎక్కువ అప్లికేషన్లు ఆగేది ఇక్కడే, మన తెలుగువాళ్లకు ఇది ఇంకొంచెం ఎక్కువ. మన ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు. బిల్లు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివర్లో ఉంటుంది, పాన్‌లో 'వెంకటేశ్వర రావు' విడివిడిగా ఉంటే పాస్‌బుక్‌లో కలిపి ఉంటుంది. మనకు అందరూ ఒక్క మనిషే. సరిచూసేవాళ్ల కంప్యూటర్‌కు మాత్రం నలుగురు.

కరెంటు బిల్లు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఇంగ్లిష్ అక్షరం అక్షరం చదవండి. నేను ఇలాగే వేలు పెట్టి చదువుతుంటే మా పిన్ని 'లక్ష్మి'లో ఒక చోట చివర ఐ, ఇంకో చోట వై ఉందని పట్టుకుంది. చిన్న స్పెల్లింగ్ తేడాలు ఒక్కోసారి దాటిపోతాయి, ఒక్కోసారి ఆగిపోతాయి, ఆ అదృష్టం మీద ఆధారపడొద్దు. ముఖ్యంగా బిల్లు మీద పేరు, బ్యాంకు ఖాతా మీద పేరు ఒకటే అయి ఉండాలి. మీటరు భర్త పేరు మీద, ఖాతా భార్య పేరు మీద ఇస్తే సబ్సిడీ దగ్గర ఆగుతుంది.

చిన్న అక్షర దోషమైతే పేరు సవరణ చాలు. మీటరు చనిపోయినవాళ్ల పేరు మీదో, ఇల్లు అమ్మిన పాత ఓనరు పేరు మీదో, అపార్ట్‌మెంట్ కట్టిన బిల్డర్ పేరు మీదో ఉంటే మాత్రం టైటిల్ ట్రాన్స్‌ఫర్, అంటే మీటరు మీ పేరు మీదకు మార్పిడి, చేయించాలి. ఇది డిస్కమ్ (కరెంటు పంపిణీ కంపెనీ) కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో అడిగితే చెప్తారు. కొనుక్కున్న ఇల్లయితే రిజిస్టర్డ్ సేల్ డీడ్ కాపీతో పని అయిపోతుంది. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని స్టాంప్ పేపర్ మీద చేసే సంతకాలు కావాలి. మాకు మూడు నెలలు పట్టింది దీనికే. మా నాన్న సంతకం ఒక్క పూటలో అయిపోయింది గానీ, మేనత్త నాందేడ్‌లో ఉంటుంది, ఆవిడ దసరాకి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆవిడకు అభ్యంతరమేమీ లేదు, అయినా అమ్మానాన్నల ఇంటి కాగితం మీద సంతకం అంటే ఎవరికైనా ఒక మాట ముందు చెప్పాలి కదా, ఫోన్‌లో ఓటీపీ అడిగినట్టు అడగలేం. కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి సంగతి ఉంటే సోలార్ ఆలోచన వచ్చిన రోజే ఈ పని మొదలుపెట్టండి, కొటేషన్లు తర్వాత తీసుకోవచ్చు.

పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు, మీటరు వాళ్ల పేరు మీద ఉన్నచోట ఇంకో చిక్కు ఉంది. స్కీమ్ భారత పౌరులకే, కాబట్టి అబ్బాయి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మీటరు ఆ పేరు మీద ఉండగా అప్లై చేయొద్దు.

సర్వీస్ నంబర్, కేటగిరీ, బకాయిలు

అప్లికేషన్ పెట్టే స్కీమ్ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కమ్, సర్వీస్ నంబర్ అడుగుతుంది. ఆంధ్రాలో శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల వైపు ఈపీడీసీఎల్, కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు సీపీడీసీఎల్, నెల్లూరు, తిరుపతి, రాయలసీమ ఎస్‌పీడీసీఎల్. తెలంగాణలో హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఎస్‌పీడీసీఎల్, వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు ఎన్‌పీడీసీఎల్. ఎస్‌పీడీసీఎల్ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, డ్రాప్‌డౌన్‌లో తొందరపడి తప్పు రాష్ట్రానిది నొక్కకండి. హైదరాబాద్ బిల్లు మీద సర్వీస్ నంబర్ వేరు, యూఎస్‌సీ (యునిక్ సర్వీస్ కనెక్షన్) నంబర్ వేరు ఉంటాయి. నంబర్ కొట్టాక తెర మీద కనిపించే పేరు, అడ్రస్ మీవేనా అని చూసి, కాకపోతే అక్కడే ఆగండి. పక్కింటివాళ్ల వివరాలు వచ్చినా గమనించకుండా సబ్మిట్ కొట్టినవాళ్లు ఉన్నారు.

బిల్లు మీద కేటగిరీ కూడా చూడండి. సబ్సిడీ ఇళ్లకే, అంటే కేటగిరీ 1 ఉండాలి. కింద కిరాణా కొట్టు, పైన కాపురం ఉన్న ఇళ్లలో ఒకే మీటరు ఉండి అది కమర్షియల్ అయితే ఆ మీటరు మీద రాదు. కొట్టుకు, ఇంటికి వేర్వేరు మీటర్లు ఉంటే ఇంటి మీటరు మీదే అప్లై చేసి, సోలార్ కూడా దానికే కలిపించుకోండి.

పాత బకాయిలుంటే కట్టేసి రసీదు దగ్గర పెట్టుకోండి. ఇక లోడ్ సంగతి. పాత ఇళ్లకు కాంట్రాక్టెడ్ లోడ్ (మీటరుకు మంజూరైన లోడ్) 1 కిలోవాటే ఉంటుంది, 3 కిలోవాట్లు పెడతామంటే టెన్షన్ పడతారు. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల దాకా టెక్నికల్ ఫీజిబిలిటీ (అక్కడ సోలార్ కలపడం కుదురుతుందా అనే) పరిశీలన లేకుండానే, అన్నీ సరిగ్గా ఉన్న అప్లికేషన్ ఆమోదం పొందినట్టే లెక్క, అవసరమైన మేరకు లోడ్ పెంచే పని డిస్కమ్‌దే. ఎవరైనా ఫీజిబిలిటీ కోసం డబ్బులు అడిగితే ఈ మాట చెప్పండి. లోడ్ పెరిగితే ఫిక్స్‌డ్ చార్జీలు కొంత పెరుగుతాయి, అది మాత్రం లెక్కలో ఉంచుకోండి.

ఫోన్ నంబర్ మీదే ఇవ్వండి

రిజిస్ట్రేషన్ మేమే చేసేస్తాం అని వెండర్ మనిషి అంటాడు. చేయనివ్వండి, కానీ మొబైల్ నంబర్ మీదే ఉండాలి. మా వీధిలో ఒకాయనకు ఇలాగే జరిగింది. వెండర్ దగ్గర పనిచేసే కుర్రాడు తన నంబర్‌తో రిజిస్టర్ చేశాడు, రెండు నెలలకు ఉద్యోగం మానేశాడు. బ్యాంకు వివరాలు సరిచేయమని మెసేజ్‌లు ఆ కుర్రాడికి వెళ్తున్నాయి, ఇక్కడ ఈయన సబ్సిడీ ఇంకా రాలేదేంటని రోజూ పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటున్నాడు. అడిగితే ప్రాసెస్‌లో ఉందనేవాళ్లు. చివరికి మేం కూర్చుని ఆ కుర్రాడిని వెతికి, ఓటీపీ చెప్పించుకుని లోపలికి వెళ్లి చూస్తే, దిద్దాల్సిన ఆ మాట నలభై రోజులుగా అక్కడే ఉంది.

అప్లికేషన్ పెట్టేది పీఎం సూర్యఘర్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో. చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే అది కాదు. వాట్సాప్‌లో వచ్చిన లింకులు తెరవొద్దు. రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు, యూపీఐలో వంద రూపాయలు పంపమన్నా సరే మోసమే అనుకోండి. సందేహం ఉంటే పథకం హెల్ప్‌లైన్ 15555, డిస్కమ్‌ది 1912.

బ్యాంకు

ఖాతా నంబర్ అందరూ సరిగ్గానే కొడతారు, తప్పు పోయేది ఐఎఫ్ఎస్‌సీ కోడ్ దగ్గర. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. అయినా మన ఇళ్లల్లో పెద్దవాళ్ల బీరువాల్లో ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కులు, చెక్కుబుక్కులు ఇంకా ఉన్నాయి, ఆ చెక్కునే అడ్డంగా గీతలు గీసి అప్‌లోడ్ చేస్తారు. పాత కోడ్ పనిచేయదు. గ్రామీణ బ్యాంకులదీ అదే కథ. ఆంధ్రాలో నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బ్రాంచికి వెళ్లి కొత్త పాస్‌బుక్ తీసుకుని, అందులో ఉన్న కోడే ఇవ్వండి. వెళ్లినప్పుడే కేవైసీ పెండింగ్ ఉందా, ఖాతా వాడుకలో ఉందా అని అడగండి. క్యాన్సిల్డ్ చెక్ మీద పేరు అచ్చై ఉంటే మంచిది, ఫొటో తీసేటప్పుడు నాలుగు మూలలూ కనిపించాలి, ట్యూబ్‌లైట్ వెలుగు అంకెల మీద పడకూడదు.

వెండర్, ప్యానెళ్లు

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. పోర్టల్‌లో మీ డిస్కమ్ కింద నమోదైన వెండర్ల జాబితా ఉంటుంది. మీ వెండర్ పేరు అందులో లేకపోతే ఎంత తెలిసినవాడైనా, ఎంత తక్కువకు చేస్తానన్నా సబ్సిడీ రాదు. అలాగే పోర్టల్‌లో అప్లికేషన్ ఆమోదం వచ్చాకే పని మొదలుపెట్టించండి. ముందు బిగించేద్దాం, కాగితాలు తర్వాత చూసుకుందాం అనే మాటకు ఒప్పుకోవద్దు.

ప్యానెళ్లు డీసీఆర్ రకం అయి ఉండాలి. అంటే లోపలి సెల్, పైన మాడ్యూల్ రెండూ మన దేశంలోనే తయారై ఉండాలి. ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే ప్యానెల్ మీద మేడిన్ ఇండియా అనే ఉంటుంది, లోపలి సెల్ బయటి దేశం నుంచి తెచ్చి ఇక్కడ అమర్చినదీ ఉంటుంది, దానికి సబ్సిడీ లేదు. డీసీఆర్ ప్యానెళ్లకు రేటు ఎక్కువ కాబట్టి, కొటేషన్ మిగతావాటికన్నా బాగా తక్కువగా ఉంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇందాక ఒక్క ఇంట్లో ప్యానెళ్ల దగ్గర ఆగింది అన్నాను కదా, అది ఇదే. కొటేషన్‌లో ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు, ఎన్ని, డీసీఆర్ అనే మాట, అన్నీ రాసి ఉండాలి, ఒట్టి '3 కిలోవాట్ సోలార్ సిస్టమ్' అని రాస్తే తిప్పి పంపండి.

లారీ వచ్చిన రోజు ఇంట్లో ఒకళ్లు ఉండండి. ప్యానెళ్లు పైకి ఎక్కించకముందే, గోడకు ఆనించి ఉండగానే, వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఒక్కోదాన్నీ ఫొటో తీసుకోండి. బిగించాక స్లాబుకూ ప్యానెల్‌కూ మధ్య జానెడు సందు ఉంటుంది, మేం చేసిన తప్పు అదే, బాబాయ్ వెల్లకిలా పడుకుని టార్చి వేసి చదవాల్సి వచ్చింది. వెండర్ పోర్టల్‌లో ఎక్కించేది ఈ నంబర్లే. మీ ఫొటోల్లో ఉన్నవీ, అక్కడ ఉన్నవీ ఒకటేనా చూడండి. ఆరు ప్యానెళ్లలో ఒక్క నంబర్‌లో ఒక్క అంకె తప్పు పడినా వెనక్కి వస్తుంది.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. సబ్సిడీ లెక్కకట్టేది ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం, డిస్కమ్ ఆమోదించిన సామర్థ్యం, వీటిలో ఏది తక్కువైతే దాని మీద. 540 వాట్ల ప్యానెళ్లు ఐదు పెట్టి 3 కిలోవాట్లని పిలుస్తారు, నిజానికి అవి 2.7 కిలోవాట్లు. అప్పుడు వచ్చేది రెండు కిలోవాట్లకు 60 వేలు, మిగతా 0.7కి 12,600, మొత్తం 72,600. ఆరు పెడితే 3.24, పూర్తి 78 వేలు వస్తాయి. అలాగే 3.24 ప్యానెళ్లు పెట్టి ఇన్వర్టర్ 3 కన్నా తక్కువది బిగిస్తే అక్కడా తగ్గుతుంది. గుణించి చూసుకోవడానికి అర నిమిషం చాలు.

2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామగ్రి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ చేతిలో ఉంటే కొత్తది అడగండి. బ్యాటరీ కావాలంటే పెట్టుకోవచ్చు గానీ దానికి సబ్సిడీ లేదు, గ్రిడ్‌కి (డిస్కమ్ కరెంటు లైనుకు) కలపకుండా ఒట్టి బ్యాటరీ మీద నడిచే సిస్టమ్‌కి అసలే రాదు. ఇంతకుముందు వేరే పథకంలో సోలార్ సబ్సిడీ తీసుకుని ఉంటే దాచొద్దు.

లోన్ కావాలంటే జనసమర్థ్ పోర్టల్ నుంచి వెళ్లొచ్చు, 3 కిలోవాట్ల దాకా 2 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, వడ్డీ రెపో రేటు మీద అర శాతం ఎక్కువ.

ఇన్‌స్పెక్షన్, తర్వాత

బిగించాక వెండర్ వివరాలు, ఫొటోలు ఎక్కిస్తాడు. ఫొటో జియోట్యాగ్‌తో ఉండాలి, ఇంటి యజమాని ప్యానెళ్ల పక్కన నిలబడి కనిపించాలి. లొకేషన్ ఆన్ చేయకుండా తీసిన ఫొటో పనికిరాదు, కాబట్టి తీసేటప్పుడు మీరే ఫోన్ చూడండి. ఆ తర్వాత డిస్కమ్ వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కపెట్టే మీటరు) పెడతారు. వాళ్లు ముఖ్యంగా చూసేది ఎర్తింగ్. ప్యానెళ్ల వైపు, ఇన్వర్టర్ వైపు, పిడుగు కడ్డీకి విడివిడిగా గుంతలు ఉండాలి. ఒకే గుంతలో మూడు తీగలు కలిపేసి మూత పెట్టేవాళ్లు ఉన్నారు, సబ్సిడీ సంగతి పక్కన పెట్టినా వానాకాలం పిడుగు పడితే ఇంట్లోవాళ్లకే ప్రమాదం. గుంతలు తవ్వేటప్పుడు దగ్గరుండండి, ఎన్ని తవ్వారో లెక్కపెట్టండి.

కమిషనింగ్, అంటే సిస్టమ్ నడవడం మొదలవడం, పూర్తయ్యాక పోర్టల్‌లో సబ్సిడీ కోసం రిక్వెస్ట్ పెట్టాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు, మీటరు తిరుగుతోంది కదా, డబ్బు దానంతటదే వస్తుందనుకుంటారు. రిక్వెస్ట్ వెళ్లాక 30 రోజుల్లో పడుతుందని ప్రభుత్వం చెప్తోంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు టెర్రస్ మీద మీ వాటా జాగా గురించి అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, నోటి మాట చాలదు. 1 కిలోవాట్‌కి దాదాపు 100 చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి. లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి మీటరుకైతే అసోసియేషనే అప్లై చేయొచ్చు, కిలోవాట్‌కి 18 వేల చొప్పున ఇస్తారు.

ఇంత చూసుకున్నా రిజెక్ట్ అయితే కంగారుపడి వెంటనే కొత్త అప్లికేషన్ పెట్టకండి. లాగిన్ అయ్యి రిమార్క్స్‌లో ఏం రాశారో చూసి, స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ ఒక్కటే సరిచేయండి. రిమార్క్ అర్థం కాకపోతే ఆ స్క్రీన్‌షాట్, బిల్లు, ఆధార్ పట్టుకుని మీ డిస్కమ్ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసుకు పొద్దున్నే వెళ్లండి, పదిన్నర దాటితే ఫీల్డ్‌కి వెళ్లిపోతారు. మా బాబాయ్‌ది అలాగే తేలింది. టైటిల్ ట్రాన్స్‌ఫర్ అయ్యాక మళ్లీ పెట్టాం, నెట్ మీటర్ పెట్టిన మూడో వారంలో 78 వేలు పడ్డాయి. కమిషనింగ్ సర్టిఫికెట్, వెండర్‌తో 5 ఏళ్ల మెయింటెనెన్స్ ఒప్పందం, సీరియల్ నంబర్ల ఫొటోలు, మూడూ ప్రింట్ తీసి ఇంటి దస్తావేజుల కవర్‌లోనే పెట్టాడు. తాతయ్య పేరు మీద వచ్చిన చివరి కరెంటు బిల్లు కూడా అందులోనే ఉంది.